మిశ్రమ బోధన – మన తెలుగు తరగతి



బడిలో గురువు ఎదుట కొంత, అంతర్జాలం ద్వారా కొంత నేర్చుకొనే పద్ధతిని నేడు ‘మిశ్రమ బోధన’ అంటున్నారు. 2020 జూలైలో వెలువడిన జాతీయ విద్యా విధానం కూడా దీనిని ప్రస్తావించినది. ఆరవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు చదివే పిల్లలకు ఇది ఎంతవరకు తగినదన్న చర్చ అన్ని చోట్లా ఉన్నదే. తమిళనాట తెలుగు చదివే పిల్లల విషయంలో మాత్రం దీనితో పాటు మరొక ప్రశ్న ముడిపడి ఉన్నది. ఈ పద్ధతి వలన తెలుగు తరగతి నిలుస్తుందా, లేక ఉన్నది కూడా పోతుందా? ఈ విషయమై నా అభిప్రాయాన్ని మీ ముందుంచుతున్నాను.

ముందుగా మన స్థితిని గుర్తు చేసుకుందాం. 2004 ఫిబ్రవరిలో ధర్మపురి జిల్లా నుండి కృష్ణగిరి జిల్లా విడివడినప్పుడు, తెలుగువారు అధికంగా ఉన్న హోసూరు ప్రాంతం అటు వెళ్ళినది. ధర్మపురి వైపున ఉన్న తెలుగు పిల్లలు ఊరికి కొందరు చొప్పున చెదరి ఉన్నారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున పెరిగి, 2015–16 నాటికి పదవ తరగతి వరకు తమిళం తప్పనిసరి అయినది. మాతృభాషకు నాల్గవ భాగంలో ఐచ్ఛిక స్థానం మిగిలినది. 2023 ఫిబ్రవరిలో భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు ఆ యేటి తమిళ పరీక్ష నుండి మినహాయింపు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళవలసి వచ్చినది. తమిళం నేర్వడం మన పిల్లలకు అవసరమే, ఈ నేల భాషను గౌరవించడం మన ధర్మమే. అయితే ఐచ్ఛికమైన పాఠానికి పీరియడ్లు తగ్గుతాయి. పీరియడ్లు తగ్గితే పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గితే ఉపాధ్యాయుని పోస్టు నిలవడం కష్టం.

ఇటువంటి చోట అంతర్జాల బోధన రెండు వైపులా పదునున్న కత్తి. నాలుగు బడులలో నలుగురేసి పిల్లలు ఉన్నచోట వారందరినీ ఒక తెరపై ఒక తరగతిగా కూర్చగల శక్తి దానికున్నది. ‘తెరపై పాఠం ఉన్నది కదా, ఇక ఇక్కడ తెలుగు పంతులు ఎందుకు?’ అని అడిగేవారికి సాకుగా మారే ప్రమాదమూ దానికే ఉన్నది.

కరోనా కాలం మనకు నేర్పిన పాఠం మరువరానిది. 2020 మార్చిలో మూతపడిన బడులు తమిళనాట ఎనిమిదవ తరగతి వరకు చదివే పిల్లలకు 2021 నవంబరు 1 వరకు తెరుచుకోలేదు. 2019లోనే ప్రారంభమైన కల్వి టీవీ ఉన్నది, పాఠ్యపుస్తకాలలో క్యూఆర్ కోడ్లు ఉన్నవి, దీక్షా వేదిక ఉన్నది. అయినప్పటికీ 2021 అక్టోబరులో ప్రభుత్వమే ‘ఇల్లం తేడి కల్వి’ పేరిట స్వచ్ఛంద సేవకులను పిల్లల ఇళ్ళ వద్దకు పంపవలసి వచ్చినది. తెర ఒక్కటే చాలదని ఇంతకన్న వేరే రుజువు కావాలా?

అమెరికా విద్యాశాఖ ఈ విషయమై జరిగిన పరిశోధనలను సమీక్షించి 2009లో ఒక నివేదికను వెలువరించి, 2010లో సవరించినది. అంతర్జాల, ప్రత్యక్ష బోధనలు కలిసినప్పుడు ఫలితాలు మెరుగుగా ఉన్నవని అందులో తేలినది. దీనిని చూపి పలువురు వాదిస్తారు. కానీ ఆ నివేదికే రెండు హెచ్చరికలు కూడా చేసినది. బడి పిల్లలపై జరిగిన పరిశోధనలు అందులో చాలా తక్కువ. మిశ్రమ తరగతులలో పిల్లలకు అదనపు సమయం, అదనపు సామగ్రి కూడా లభించినవి. అనగా తరగతికి మరికొంత చేర్చినచోట మేలు జరిగినది. తరగతిని తొలగించి తెరను పెట్టినచోట అదే మేలు జరుగుతుందని అనుకోరాదు.

ఇక తెలుగు బోధనకు వద్దాం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అనే నాలుగు ధ్వనులకు ఒకే అక్షరం. పగలంతా ఆ లిపిలో వ్రాసే బిడ్డ తెలుగు పీరియడులో ‘గాలి’ని ‘కాలి’ అని, ‘భాష’ను ‘బాష’ అని, ‘ధనము’ను ‘దనము’ అని వ్రాయడం సహజం. ఇది తెలివితక్కువతనం కాదు, రెండు లిపుల మధ్య నలుగుట. దీనిని సరిదిద్దాలంటే బిడ్డ పలికేది గురువు చెవికి స్పష్టంగా వినబడాలి, గురువు పెదవుల కదలిక బిడ్డకు కనబడాలి. చౌక ఫోనులో, తెగుతూ వచ్చే శబ్దంలో ఒత్తక్షరానికీ మామూలు అక్షరానికీ తేడా తెలియదు. శ్రుతలేఖనం, దస్తూరి, గుణింతాలు, ఒత్తులు – ఇవన్నీ చేయి పట్టి దిద్దించవలసినవి. ఇంట్లో ‘ఉండాది’ అనే బిడ్డ పుస్తకంలో ‘ఉన్నది’ చూసి తికమకపడినప్పుడు, రెండూ తెలుగేనని భుజం తట్టి చెప్పడానికి మనిషి కావాలి.

అంతర్జాలం వలన కలిగే మేలు కూడా తక్కువ కాదు. పద్యాన్ని రాగయుక్తంగా పదిసార్లు విని కంఠస్థం చేయవచ్చు. ఆంధ్రభారతిలో నిఘంటువులను వెదకవచ్చు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో తమ ఊరి గురించి చదవవచ్చు, పెద్ద తరగతుల పిల్లలైతే వ్రాయవచ్చు. తెలంగాణలో 2020 సెప్టెంబరు నుండి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు ప్రసారమైనవి. అక్కడి పుస్తకాలు వేరు, మన పుస్తకాలు వేరు. అయినను సంధులు, సమాసాలు, గణవిభజన ఎక్కడైనా ఒక్కటే కదా!

కావున నా సూచనలు ఇవి:

1. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు తెలుగు పీరియడ్లన్నీ ప్రత్యక్షంగానే జరగాలి. అంతర్జాలం వినడానికి, ఇంటి అభ్యాసానికి మాత్రమే.

2. తొమ్మిది నుండి పన్నెండు వరకు, వారానికి నాలుగు పీరియడ్లు ఉన్నచో మూడు ప్రత్యక్షంగా, ఒకటి ఇరుగుపొరుగు బడుల పిల్లలతో ఉమ్మడిగా తెరపై జరపవచ్చు.

3. ఆ ఉమ్మడి తరగతి బడి సమయంలో, హైటెక్ ల్యాబు ఉన్న బడులలో అక్కడే జరగాలి. ఇంటి ఫోనుపై ఆధారపడితే, తండ్రి ఫోను పనికి వెంట తీసుకొనిపోయే ఇంటి బిడ్డ వెనుకబడతాడు.

4. సమయానికి హద్దు ఉండాలి. 2020 జూలైలో కేంద్రం ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఎనిమిదవ తరగతి వరకు రోజుకు 30 నుండి 45 నిమిషాల తరగతులు రెండింటికి, ఆపై తరగతులకు నాలుగింటికి మించరాదన్నవి. అది అన్ని పాఠాలకూ కలిపి చెప్పిన లెక్క.

5. తెరపై జరిగిన తరగతిని చూపి ఏ బడిలోనూ తెలుగు పోస్టును తగ్గించరాదు. ఈ షరతు లేని మిశ్రమ బోధనకు మనం ఒప్పుకొనరాదు.

ఉపాధ్యాయ మిత్రులారా! యంత్రాన్ని చూసి వెనుకాడవద్దు. తెలుగులో టైపు చేయడం నేడు ప్రతి ఫోనులోనూ సులభమే. మనం పాఠం చెప్పి, మన గొంతుతోనే పద్యం రికార్డు చేసి పిల్లలకు ఇస్తే, వారికి అది పరాయి స్వరంగా తోచదు.

తల్లిదండ్రులారా! అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిని చూడండి. సముద్రాలు దాటి వెళ్ళిన తల్లిదండ్రులు వారాంతపు విశ్రాంతిని మాని, తామే గురువులై పిల్లలకు తెలుగు నేర్పుతున్నారు. మన బడిలో ఇంకా తెలుగు గది ఉన్నది. మీ బిడ్డ పేరు ఆ తరగతి హాజరు పట్టీలో ఉంటేనే ఆ గది ఉంటుంది. ఐచ్ఛికమే కదా అని వదిలివేయకండి. రోజుకు పది నిమిషాలు బిడ్డ చేత తెలుగు పుస్తకం బిగ్గరగా చదివించి వినండి. మీకు చదువు రాకపోయినా చెవులున్నవి, అది చాలు.

తెర తోడుగా రావచ్చు, గురువు స్థానంలో కూర్చోరాదు. ఇది నా అభిప్రాయం. మీ బడిలో ఏమి జరుగుతున్నదో పరిశీలించి, రాబోయే తల్లిదండ్రుల సమావేశంలో ఈ అయిదు అంశాలను అడగవలసినదిగా ప్రార్థన.