ఆఫీసంతటికీ ఒకటే పాస్‌వర్డా?

ఆటోనగర్‌లో విడిభాగాల దుకాణం కావచ్చు, జిల్లా కేంద్రంలో డయాగ్నస్టిక్ సెంటర్ కావచ్చు. అయిదారు కంప్యూటర్లు, ఒక రౌటర్, అందరూ వాడే ఒక ఎక్సెల్ ఫైలు. ఒకరు తెరిచి కూర్చుంటే రెండోవారికి ‘రీడ్ ఓన్లీ’ అని వస్తుంది. ఆయన కాపీ చేసుకుంటాడు. నెల తిరిగేసరికి ‘కొత్తది’, ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’ అంటూ నాలుగు ఫైళ్లు. ఏ లెక్క నిజమో యజమానికే తెలియదు.

అప్పుడు పిలుపు కొత్తగా చేరిన కుర్రాడికో అమ్మాయికో వస్తుంది. ‘కంప్యూటర్లు చదివావుగా, అందరికీ కలిపి ఒక డేటాబేస్ పెట్టు’ అంటారు. నాలుగేళ్లు ఎస్‌క్యూఎల్ చదివినవాళ్లలో చాలామందికి అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. కాలేజీ ల్యాబులో డేటాబేస్, దాన్ని వాడే విద్యార్థి ఒకే కంప్యూటర్ ముందు ఉంటారు. ఆఫీసులో అలా కుదరదు.

ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేస్తే అది మొదట 127.0.0.1 చిరునామాకే పరిమితం. అంటే ఆ కంప్యూటర్‌లోంచి అడిగితేనే పలుకుతుంది. దాన్ని మార్చినా ఫైర్‌వాల్ 3306 పోర్టును అడ్డుకోవచ్చు. అదీ దాటితే, యూజర్ ఖాతా ‘లోకల్‌హోస్ట్’కే రాసి ఉందని తిప్పి పంపవచ్చు. ఈ మూడు తలుపులూ వేర్వేరు. ఎక్కడ ఆగిందో చూసి ఆ ఒక్కదాన్నే సరిచేయాలి. కానీ తొందరలో చాలామంది చేసేది వేరు. ఫైర్‌వాల్ ఆపేస్తారు. రూట్ ఖాతాను ఎక్కడినుంచైనా తెరుచుకునేలా మార్చి, ఆ పాస్‌వర్డ్‌ను అందరికీ చెప్పేస్తారు. పని నడుస్తుంది, యజమాని భేష్ అంటాడు.

ఒకరోజు నెల బిల్లులు మాయమవుతాయి. ఎవరు తీశారని చూస్తే, కనిపించేది రూట్ అన్న పేరొక్కటే. అందరూ రూటే అయినప్పుడు నింద ఎవరి మీద పడుతుంది? యజమాని బంధువు మీద పడదు, సీనియర్ అకౌంటెంట్ మీద పడదు. తక్కువ జీతానికి చేరిన డేటా ఎంట్రీ ఆపరేటర్ మీద పడుతుంది. తాను చేయలేదని చెప్పడానికి ఆ మనిషి దగ్గర ఏ ఆధారమూ ఉండదు. వేర్వేరు ఖాతాలుండి, మార్పుల లాగ్ నడుస్తుంటే ఆ ఆధారం ఉండేది. యాక్సెస్ అనేది సాంకేతిక విషయమే కాదు, ఒకరి ఉద్యోగానికి సంబంధించిన విషయం కూడా.

‘అందరూ మనవాళ్లేగా’ అనే మాట తరచూ వినిపిస్తుంది. మనవాళ్లే అయినా గల్లాపెట్టెకు తాళం వేస్తాం కదా! అది అనుమానం కాదు, పద్ధతి. సర్వర్‌గా వాడే కంప్యూటర్‌కు మారని ఐపీ ఇవ్వండి. 3306ను ఆఫీసు నెట్‌వర్క్ చిరునామాలకే తెరవండి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి ఇంటర్నెట్‌కు వదలొద్దు. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ ఉంది. 2017 జనవరిలో పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన మాంగోడీబీ డేటాబేస్‌లను వేల సంఖ్యలో తుడిచేసి, డబ్బు డిమాండ్ చేసిన సంగతి మరవొద్దు.

ఇక ఎవరికెంత హక్కు అన్నది. బిల్లు కొట్టేవారికి చూడటం, చేర్చడం చాలు. సరిదిద్దే హక్కు అకౌంటెంట్‌కు ఇవ్వండి. యజమానికైనా రోజువారీ చూడటానికి చూసే హక్కే సరిపోతుంది. టేబుల్‌నే తీసేసే హక్కు రోజువారీ ఖాతాల్లో వేటికీ వద్దు. రోజూ రాత్రి బ్యాకప్ తీసి, ఒక కాపీ ఆఫీసు బయట ఉంచండి. నెలకోసారి దాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరవని బ్యాకప్‌ను నమ్మలేం.

క్లౌడ్ ఉండగా ఇదంతా ఎందుకనే వాదనా ఉంది. క్లౌడ్‌కు వెళ్లినా ఎవరికెంత అన్న ప్రశ్న వెంటే వస్తుంది. పైగా డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. డేటాకు తగిన రక్షణ కల్పించకపోతే రూ.250 కోట్ల వరకు జరిమానా విధించే వీలు అందులో ఉంది. రోగుల ఫోన్ నంబర్లు, రిపోర్టులు దాచే చిన్న సెంటర్ కూడా ఈ మాట పట్టించుకోవాలి.

కాలేజీలు డేటాబేస్ ల్యాబులో ఒక్క వారమైనా దీనికి కేటాయించాలి. ముగ్గురు విద్యార్థులు, మూడు ఖాతాలు, మూడు రకాల హక్కులు. ఖర్చేమీ లేదు. కాలేజీ చెప్పేదాకా మీరూ ఆగక్కర్లేదు. హాస్టల్ గదిలో రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక వైఫై ఉంటే ఈ ఆదివారమే చేసి చూడొచ్చు. అడ్డుపడిన ప్రతి ఎర్రర్‌నూ, దాన్ని తీర్చిన తీరునూ నోట్‌బుక్‌లో రాసుకోండి. ఇంటర్వ్యూలో ‘ఎస్‌క్యూఎల్ వచ్చు’ అనే మాట కన్నా, ఎవరికి ఏ హక్కు ఎందుకివ్వలేదో చెప్పగలిగిన అభ్యర్థి మాటకే బరువెక్కువ.