అడగకముందే చెప్పాలి

"సార్, ఈ నెల అమ్మకాలు నిజంగా ఇంత పెరిగాయా?"

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఏఐ ఏజెంట్‌ను తను అడిగింది ఒక్కటే: ఈ నెల ఆర్డర్ల మొత్తం ఎంత అని. జవాబు కోట్లలో వచ్చింది. మా వ్యాపారం లక్షల్లోనే ఉంటుంది. టేబుల్‌లో 'అమౌంట్' అనే కాలమ్‌లో ఉన్నవి పైసలు. ఏజెంట్ వాటిని రూపాయలనుకుని కూడేసింది.

తప్పు ఏజెంట్‌దేనని అక్కడున్నవాళ్ళంతా తేల్చేశారు. ఏజెంట్ ఆర్డర్లు తెచ్చుకోవడానికి వాడే టూల్ వివరణను నేను తెరిచి చూశాను. 'ఆర్డర్ల వివరాలు తెస్తుంది.' మూడే మాటలు. రాసింది నేనే.

పైసల్లో దాచుకోవడం తప్పు కాదు. దశాంశాల గొడవ లేకుండా లెక్క తేలుతుంది. రేజర్‌పే, స్ట్రైప్ కూడా మొత్తాన్ని చిల్లర లెక్కలోనే తీసుకుంటాయి. 500 రూపాయలైతే 50000 అని పంపాలి. ఆ సంగతి వాళ్ళు డాక్యుమెంటేషన్‌లో రాసిపెట్టారు. మా దగ్గర అది ముగ్గురి తలల్లో ఉంది.

ఇన్నాళ్ళూ అలాగే నడిచిపోయింది. కొత్తవాళ్ళకు అనుమానమొస్తే పక్క సీటువాళ్ళను అడిగేవారు. ఏజెంట్‌కు పక్క సీటు లేదు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్, అంటే ఎంసీపీ, వచ్చాక డేటాబేస్‌ను ఏజెంట్‌కు తగిలించడం తేలికైంది. అందులో ఒక టూల్ గురించి మోడల్‌కు ముఖ్యంగా అందేవి మూడు: పేరు, వివరణ, ఇన్‌పుట్లు ఎలా ఇవ్వాలో చెప్పే స్కీమా. ఏది, ఎప్పుడు వాడాలో దాదాపు వాటిని బట్టే తేల్చుకుంటుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడగకముందే పెట్టాలి.

ఆ సాయంత్రం కూర్చుని వివరణ మళ్ళీ రాశాను. "ఒక తేదీ నుంచి ఇంకో తేదీ వరకు వచ్చిన ఆర్డర్లు ఇస్తుంది. రద్దయినవీ ఇందులో ఉంటాయి. అమౌంట్ పైసల్లో ఉంటుంది, రూపాయల కోసం 100తో భాగించాలి. సమయం యూటీసీలో ఉంటుంది, మన సమయానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. ఒకసారికి 500 వరుసలే వస్తాయి, ఇంకా ఉంటే తర్వాతి పేజీ అడగాలి."

ఇందులో ఏ ఒక్క వాక్యం లేకపోయినా లెక్క తప్పుతుంది. ఒకటో తారీఖు తెల్లవారుజామున నాలుగింటికి వచ్చిన ఆర్డరు యూటీసీ ప్రకారం గత నెలలో పడుతుంది. ఐదు వందల వరుసలు చూసి అంతేననుకుంటే మొత్తం తగ్గుతుంది. ఆ తప్పులు మన కంటికి ఆనవు. వంద రెట్లు పెరిగిన అంకె కనక ఆ అమ్మాయికి అనుమానమొచ్చింది. మూడు శాతం తేడా వస్తే ఎవరికొస్తుంది?

ఖాళీ జవాబుతో ఇంకా ప్రమాదం. కనెక్షన్ తెగినా, వెతికింది దొరక్కపోయినా టూల్ ఒకేలా ఖాళీ జాబితా ఇస్తే, ఏజెంట్ "బకాయిలేమీ లేవు" అని ధీమాగా చెప్పేస్తుంది. లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు. టూల్ ఆ రెంటినీ విడివిడిగా చెప్పాలి. ఎర్రర్ మెసేజ్ కూడా డాక్యుమెంటేషనే. 'ఇన్‌పుట్ తప్పు' అని ఊరుకుంటే ఏజెంట్ గుడ్డిగా మళ్ళీ ప్రయత్నిస్తుంది. 'తేదీ 2025-04-03లా ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు వచ్చేలా ఇవ్వాలి' అంటే సరిదిద్దుకుంటుంది.

అయితే రాత కాపలా కాయదు. వేర్ షరతు లేని డిలీట్ ఒక్కటి టేబుల్‌లోని వరుసలన్నీ తుడిచేస్తుంది. చదివే టూల్ ఏదో, చెరిపేది ఏదో చెప్పడానికి ఎంసీపీలో గుర్తులున్నాయి కానీ అవి సూచనలు మాత్రమే. చదివే పనికి చదివే అనుమతి మాత్రమే ఉన్న యూజర్‌నే ఇవ్వాలి. తాళం డేటాబేస్ దగ్గరే పడాలి.

ఇంత రాయడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 'కామెంట్ ఆన్ కాలమ్' అనే ఒక్క కమాండ్‌తో కాలమ్ అర్థం ఆ డేటాబేస్‌లోనే నిలిచిపోతుంది. ఇప్పుడు మా టీమ్‌లో కామెంట్ లేని కొత్త కాలమ్ రివ్యూ దాటదు. పాతవాటికీ ఒక్కొక్కటిగా రాస్తున్నాం.

మొదటిది ఆ అమ్మాయే తీసుకుంది. 'స్టేటస్' కాలమ్. ఒకటి, రెండు, మూడు ఏమిటో అందరికీ తెలుసు. తొమ్మిది దగ్గర ఆగిపోయింది. నన్నడిగితే నాకూ తెలియలేదు. అడుగుతూ పోతే నాలుగో మనిషి చెప్పారు, అవి పాత సిస్టమ్ నుంచి తెచ్చిన ఆర్డర్లని, అమ్మకాల్లో కలపకూడదని. ఆయన వచ్చే నెల రిటైరవుతున్నారు. ఆ ముక్క ఇన్నేళ్ళలో ఇప్పుడే మొదటిసారి రాతలోకి ఎక్కింది.