కాయితం చూడకుండ బయానా ఇయ్యకుర్రి

2024 అక్టోబరు మొదటి తారీఖున చాదర్‌ఘాట్ పక్కన మూసానగర్, శంకర్‌నగర్ గల్లీల్లోకి కూలీలు సుత్తెలు, గడ్డపారలు పట్టుకొని దిగారు. మనిషికి మనిషి ఎదురొస్తే పక్కకు ఒరగవలసిన గల్లీలు అవి. అంతకు ముందే సర్వేవాళ్లు వచ్చి గోడల మీద ఎర్ర రంగుతో ఆర్.బి.ఎక్స్. అని రాసిపోయారు. ఇల్లు నదీ గర్భంలో ఉందని దాని అర్థం. ఆ మూడక్షరాలు పడిన నాడు మనోళ్లు బీరువాలు, ట్రంకు పెట్టెలు తెరిచి కాయితాలు తీశారు. కరెంటు బిల్లు, నల్లా బిల్లు, ఇంటి పన్ను రసీదు, ఓటరు కార్డు, రేషను కార్డు, స్టాంపు కాయితం మీద నోటరీ ముద్ర. ఇరవై ముప్పై యేండ్ల బతుకు మొత్తం ఒక ప్లాస్టిక్ కవర్ల ఉంది. లేనిదల్లా ఆ జాగ మీద హక్కు చెప్పే కాయితం ఒక్కటే.

మూసీ సుందరీకరణ ఎవరి కోసమో, పేదోడి ఇల్లు కూలిస్తే నదికి వచ్చే అందం ఏమిటో అడగవలసినవి మనం అడుగుతూనే ఉంటాం. ఈసారి మాత్రం ఇల్లు కూలిన తర్వాతి ముచ్చట కాదు, కొనకముందు ముచ్చట రాస్తున్నాం. "ఉద్యమ పత్రికల ఇండ్లు కొనుడు అమ్ముడు గొడవేంది, అది బ్రోకర్ల పని కదా" అని మనలోనే కొందరు కార్యకర్తలు మూతి విరుస్తారు. బ్రోకర్ల పని అయినందుకే మనోళ్లు మునుగుతున్నారు. దర్నాకు పిలిస్తే వచ్చే మనిషి బయానా ఇచ్చే ముందు మనల్ని ఎందుకు అడగడు? అడిగితే చెప్పేందుకు మనకూ తెల్వదు కాబట్టి. ఇదే చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ ఉంది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, తర్వాత బడులు నడిపిన కాలంలోనే మన పెద్దలకు సొంత కట్టడం విలువ తెలిసింది. ఒకరి అరుగు మీద పెట్టుకున్న మీటింగు ఆ అరుగు గలాయన దయ ఉన్నన్నాళ్లే కదా.

మాలో ఒకాయన ఈ ఇలాకాలనే చాలా యేండ్లు బ్రోకరు పని చేసినవాడు. ఆయన్ని కూచోబెట్టుకొని అడిగి రాస్తున్నాం. ఆయన మొదట చెప్పిన మాట: "బేరం కుదిరితేనే నాకు పైసలు. బేరం చెడగొడితే చాయ్ కూడ పుట్టది. ఇగ నిజం నేనెందుకు చెప్త?" బ్రోకరు మనోడే అయినా, జై భీమ్ అని దండం పెట్టినా ఈ లెక్క మారదు. కొనేటోడి దగ్గర వందకు ఒకటో రెండో, అమ్మేటోడి దగ్గర అంతే తీసుకునే మనిషి ఎవరి పక్షం? బేరం పక్షం. ఆయన ఇల్లు చూపించేది ఎప్పుడూ ఎండకాలంలో, పొద్దుగూకే యాళ్లకట. ఆ టైముకు మూసీ వాసన కొంచెం తగ్గుతదట, నీళ్ల జాడ అసలే కనబడదట.

అందుకని ఇల్లు చూసేది వానకాలం చూడండి. చూడలేకపోతే పక్కింటి ముసలామెను అడగండి: 2020 అక్టోబరులో నీళ్లు ఎంతవరకు వచ్చినయి, 2025 సెప్టెంబరులో ఎంతవరకు వచ్చినయి? ఆ 2025 వరదకు జంట జలాశయాల గేట్లు ఎత్తితే బస్‌స్టాండే మునిగింది. గోడ మీద మట్టి చార ఉంటది, సున్నం కొట్టి దాస్తారు. కిటికీ వెనక, మెట్ల కింద, మరుగుదొడ్డి మూలకు సున్నం చేరదు, అక్కడ చూడండి. 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ వేలమందిని మింగింది. ఆ తర్వాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నది తన జాగ మరువలేదు గానీ ప్లాట్లు చేసి అమ్మినోళ్లు మరిచారు.

ఇగ కాయితాల సంగతి. ఇది కొంచెం పొడుగు, ఓపికతో చదవండి, చదువురానోళ్లకు చదివి వినిపించండి.

వంద రూపాయలు దాటిన స్థిరాస్తి అమ్మకం రిజిస్ట్రేషన్ ఆఫీసులో జరగవలసిందే. బ్రిటిషోడి 1908 చట్టం ఇంకా అట్లనే నడుస్తున్నది, మూసీ ముంచిన సంవత్సరంలోనే వచ్చిన చట్టం. నోటరీ ఏం చేస్తాడు? ఈ సంతకం ఈ మనిషే పెట్టిండు అంటాడు. ఆ మనిషికి ఆ జాగ ఉందని అనడు, అది ఆయన పని కాదు. అయినా మనోళ్లు ఎర్ర ముద్ర, ఆకుపచ్చ స్టాంపు చూడంగనే సర్కారు కాయితం అనుకుంటారు. ఊర్లల్ల సాదాబైనామాల గతి చూడలేదా? తెల్లకాయితం మీద కొని, 2020లో దరఖాస్తులు పెట్టుకొని యేండ్లకేండ్లు తిరిగినోళ్లు ప్రతి ఊర్ల ఉన్నారు. పట్నంల నోటరీ అంటే స్టాంపు అంటించిన సాదాబైనామా. అంతకంటె పెద్దది కాదు.

జీపీఏ అని ఇంకొకటి ఉంది. "రిజిస్ట్రేషన్ ఖర్చు ఎందుకు, జీపీఏ రాసిస్త, అమ్మినట్టే" అంటారు. 2011 అక్టోబరులో సుప్రీంకోర్టు సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది: జీపీఏ మీద, అగ్రిమెంటు మీద, వీలునామా మీద జరిగిన అమ్మకంతో హక్కు మారదు. రిజిస్ట్రేషన్ ఖర్చు తెలంగాణలో 2021 జులై నుంచి వందకు ఏడున్నర రూపాయలు. పేదోడికి అది భారమే, తగ్గించాలని అడగవలసిందే. కాని పది లక్షల ఇంటి మీద డెబ్బై అయిదు వేలు మిగిలినయని సంతోషపడి పది లక్షలూ పోగొట్టుకున్నోళ్లు ఉన్నారు.

అట్లని రిజిస్ట్రేషన్ అయిందంటే అంతా అయిపోయినట్టు కూడా కాదు. తనది కానిదాన్ని ఎవడైనా రిజిస్ట్రేషన్ చేసిస్తే ఆ జాగ నీది కాదు, కాయితం మాత్రమే నీది. అందుకని ముందు ఈసీ తీయించండి. 1983 నుంచి లెక్కలు కంప్యూటర్ల ఉన్నయి, మీసేవల అడిగితే ఇస్తారు. ఆ జాగ ఎవరెవరి చేతులు మారింది, ఎక్కడన్న బ్యాంకుల కుదువ ఉన్నదా అన్నది అందుల తెలుస్తది. నోటరీ కాయితాలు, ఇంట్లో రాసుకున్న ఒప్పందాలు అందుల రావు, గుర్తుంచుకోండి. అమ్మేటోడికి ఎవరమ్మిండు, వాడికి ఎవరమ్మిండు అని వెనక్కి పోయే లింకు డాక్యుమెంట్లు అడగండి. "తాత కాలం నుంచి మాదే" అంటే సంతోషం, తాత కాయితం చూపించుమనండి. సర్వే నంబరు తీసుకొని నిషేధిత జాబితాల ఉన్నదా చూడండి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద సర్కారు జాగలు, వక్ఫు, దేవాదాయ జాగలు, అసైన్డు భూములు అందుల పెడతారు. చాదర్‌ఘాట్, మలక్‌పేట, అంబర్‌పేట పొంటి ఇది చూడకుండ అడుగు వేయొద్దు.

"పన్ను కట్టిన, కరెంటు మీటరు నా పేరు మీదనే ఉన్నది" అని మూసానగర్‌ల అక్కలు ఏడుస్తూ చెప్పారు. సర్కారుకు సిగ్గుండాలె, పన్ను తీసుకునేటప్పుడు ఇల్లు అయింది, కూలగొట్టేటప్పుడు ఆక్రమణ అయింది. ఇది మన వాదన, న్యాయమైన వాదన. కాని కోర్టుల పన్ను రసీదు హక్కు కాయితం కాదు. అక్కడ ఉంటున్నమనే సాక్ష్యం మాత్రమే. ఆ సాక్ష్యం పారేయొద్దు, బదులు ఇల్లు అడిగినప్పుడు అదే పనికొస్తది. 2014 డిసెంబరులో 58 నంబరు జీవో తెచ్చి 125 గజాల లోపు పేదోళ్ల ఇండ్లు ఉచితంగా క్రమబద్ధం చేస్తమన్నారు. అట్లా చేసుకున్నోళ్లు బాగుపడ్డారు. చెరువు, నది జాగలకు మాత్రం అది వర్తించదు. "రేపో మాపో పట్టా వస్తది" అని మూసీ ఒడ్డున గది అమ్మే బ్రోకరు ఈ సగం మింగేస్తాడు.

2016ల రెరా చట్టం వచ్చింది కదా, ఏజెంట్లందరూ రిజిస్టరు కావాలె కదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. అది 500 చదరపు మీటర్లు, లేదంటే ఎనిమిది ఫ్లాట్లు దాటిన వెంచర్లకు. అసొంటి ఫ్లాటు కొనేటోళ్లు రెరా నంబరు అడగండి, నంబరు లేకుండ ప్రీలాంచ్ అంటే లేచి రండి. అగ్రిమెంటు రిజిస్ట్రేషన్ కాకముందు పదోవంతు కంటె ఎక్కువ అడిగే హక్కు బిల్డరుకు లేదు. బస్తీల గది కొనే మనోడికి ఏ రెరా లేదు. చట్టం కూడా మేడ కొనేటోడి గడప దాకనే నడిచింది.

బయానా సంగతి ఒక మాట. ఇల్లు, జాగ అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవద్దని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టంల పెట్టారు. తీసుకున్నోడికి అంతే జుర్మానా. కాబట్టి చెక్కు ద్వారానో బ్యాంకు ద్వారానో ఇవ్వండి, రసీదు లేని పైసలు ఇచ్చినట్టు కాదు. ఇల్లు ఆడమనిషి పేరు మీద రాయించండి. మా ఆఫీసుకు వచ్చిన పంచాయతీల్లో మొగోడు తాగి సంతకం పెట్టినవి ఎన్నో లెక్కలేదు. ఆడమనిషి తాగి సంతకం పెట్టింది ఒక్కటి కూడా మేం చూడలేదు.

అమ్మేటోళ్లకు చెప్పవలసింది ఇంకా ఎక్కువ. మనోళ్లు పట్నంల అరవై గజాలు కొనేందుకు ఊర్ల ఎకరం అమ్ముతారు. ఆ ఎకరం శానామట్టుకు అసైన్డుది. 1977ల వచ్చిన 9 నంబరు చట్టం ప్రకారం ఆ భూమి అమ్మకం చెల్లదు, తెలంగాణల ఇప్పటికీ అంతే. అది తెల్సే కొనేటోడు సగానికి సగం ధర పెడతాడు, తెల్లకాయితం మీద ఏలిముద్ర ఏయించుకుంటాడు. ఇంకో ఎత్తు ఉంది: "రింగు రోడ్డుకో, కంపెనీకో సర్కారు గుంజుకుంటది, నీకు పైస రాదు, నాకు ఇయ్యి, ఎంతో కొంత ఇస్త." ఇది పచ్చి అబద్ధం. 2004ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మేకల పాండు కేసులో జడ్జీలు కూచొని చెప్పారు: అసైన్డు భూమి తీసుకుంటే పట్టా భూమికి ఇచ్చినంత పరిహారం ఇయ్యాలె. ఈ ఒక్క ముక్క ఊరూర డప్పు కొట్టి చెప్పితే ఎన్ని ఎకరాలు మిగులుతుండెనో.

అసలు అసైన్డు భూమి అమ్ముకునే హక్కే ఇయ్యాలని మన సోదరులు కొందరు వాదిస్తారు. అగ్రకులపోడి భూమి బ్యాంకుల పెడితే లోను వస్తది, మనది పెడితే నవ్వుతారు, ఇది కూడా అంటరానితనమే కదా అంటారు. మాట నిజమే, మేం తోసేస్తలేం. ఆంధ్రప్రదేశ్‌ల 2023ల చట్టం మార్చి, ఇచ్చి ఇరవై యేండ్లు దాటిన అసైన్డు సాగు భూములు అమ్ముకోవచ్చన్నారు. 2024ల కొత్త సర్కారు వచ్చి అట్లా విడిపించిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. తాళం తీస్తమని సర్కారు అన్నప్పుడు తలుపు కాడ ఎవరు నిలబడి ఉంటారో మనకు తెల్వదా? మా మటుకు మేం అనేది, ఇంటి జాగకు హక్కు పూర్తిగా ఇయ్యాలె, సాగు భూమికి ఆ తాళం ఇంకా ఉండనీయాలె, బ్యాంకు లోను మాత్రం ఆ పట్టా మీదనే ఇయ్యాలె. ఒప్పుకోనోళ్లు రాయండి, అచ్చేస్తం.

ఇప్పటికే అమ్మి మోసపోయినోళ్లు ఊకోవద్దు. 77 చట్టం కింద కలెక్టరు ఆ భూమి గుంజి అసలు పట్టాదారుకో, వారసులకో తిరిగి ఇయ్యొచ్చు. దరఖాస్తు పెట్టండి. బెదిరించి సంతకం పెట్టించినా, దొంగ రికార్డు పుట్టించినా అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(ఎఫ్), (జి) వర్తిస్తయి. 2016 జనవరి నుంచి అమలుల ఉన్న సవరణల ఈ సంగతి విడమరిచి రాసిన్రు. ఎస్సైకి తెల్వకపోతే చూపించండి. రెండు గదుల ఇండ్లు వచ్చినోళ్లకు కూడ ఒక మాట: పిల్లిగుడిసెల్లో గానీ ఇంకెక్కడ గానీ ఆ ఇల్లు అమ్మినా, కిరాయికి ఇచ్చినా అలాట్‌మెంటు పోతది. కొనేటోడికీ దక్కదు.

ఇగ కులం. కాయితాలన్నీ సక్కగున్నా, పైసలు బ్యాంకుల ఉన్నా, పేరు అడిగి ఇంటిపేరు అడిగి ఊరడిగి ఊర్ల ఎక్కడుంటరని అడిగి "నిన్ననే బయానా అయిపోయింది" అనేటోళ్లకు ఏ కాయితం చూపించాలె? 2005ల అహమ్మదాబాద్ పార్శీల హౌసింగు సొసైటీ కేసులో సుప్రీంకోర్టు తమవాళ్లకే సభ్యత్వమన్న బైలాను ఒప్పుకున్నది. పార్శీలు ఎవరి ఇంటి ముందూ గీత గీయలేదు గానీ ఆ తీర్పు నీడల ఎవరెవరు దాక్కుంటున్నరో చూస్తున్నం. మన బ్రోకరన్న చెప్పిండు, ఆయన కూడ చాన్నాళ్లు గిరాకీల కులం మార్చి చెప్పి కిరాయి ఇండ్లు ఇప్పిచ్చిండట. అది చెప్పేటప్పుడు తల వంచుకున్నడు. సిగ్గుపడవలసింది ఆయన కాదు. కులం అడిగిన మాట, అడిగిన తారీఖు, సాక్షులు రాసి పెట్టుకోండి. చట్టం అడగాలన్నా ఆ లెక్కలు కావాలె.

ఇవన్నీ ఒక్కరికి గుర్తుండవు. ప్రతి వాడల ఒక చదువుకున్న పిల్లగాడిని, ఒక పిల్లను ఈ పనికి పెట్టాలె, ఈసీ ఎట్ల తీయాలో, నిషేధిత జాబితా ఎట్ల చూడాలో నేర్పాలె. సాగు భూములకు 2025 ఏప్రిల్ 14 నుంచి ధరణి పోయి భూభారతి వచ్చింది, అది కూడ తెల్సుకోవాలె. బయానా ఇచ్చే ముందు, ఏలిముద్ర ఏసే ముందు ఆ పిల్లలకు చూపించండి, లేదంటే మా దగ్గరికి రండి. జిరాక్సులు తెచ్చుకోండి చాలు. అసలు కాయితాలు ఇంట్లనే పెట్టి రండి, ఎవ్వరికీ ఇయ్యకుర్రి, మాకు కూడ.