వానొస్తే ఎట్లా?

మా పామిడికి రెండు సంగతుల్లో పేరుంది. ఒకటి బట్టల వ్యాపారం. రెండోది పెన్న ఒడ్డున భోగేశ్వరస్వామి గుడి. నాటకాల సంగతిలో మాత్రం చెప్పుకోదగ్గ పేరు లేదు. ఆ లోటు తీరుద్దామని పోయిన ఏడాది మేం నలుగురం చేరి ఒక సురభి సమాజాన్ని పిలిపించాం. అప్పుడు మేం చేసిన ఘనకార్యం మీకు చెప్పుకోవాలి. తప్పు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి గనుక చెప్పే హక్కు నాకుంది.

సురభివారంటే నాకు చిన్ననాటినుంచీ పిచ్చి. ఎనిమిదేళ్ల వయసులో అనంతపురంలో, వాళ్ల డేరాలో నేల మీద కూచుని 'శ్రీకృష్ణ లీలలు' చూశాను. చెరసాల తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. వసుదేవుడు బుట్ట తలకెత్తుకుని బయటికి వచ్చాడో లేదో, రంగం మీద వాన కురిసింది. నిజం నీళ్లండీ! డేరా డేరా అంతా లేచి ఈలలు వేసింది. వసుదేవుణ్ణి చూసి కాదు, వానను చూసి. ఆ తరువాత కంసుడు పసిబిడ్డను ఎత్తి నేలకు కొట్టబోతే, బిడ్డ చెయ్యి జారి, యోగమాయ అయి, సరసరా పైకి లేచిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

వీళ్ల చరిత్ర కూడా అటువంటిదే. పూర్వులు తోలుబొమ్మలాడించినవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు బొమ్మలు పక్కన పెట్టి మనుషులతోనే 'కీచక వధ' ఆడించారు. ఆ ఊరి పేరే వాళ్లకు ఇంటిపేరంత అయిపోయింది. ఇతర సమాజాల్లో మగవాళ్లు మీసాలు తీసి ద్రౌపది వేషాలు వేస్తున్న కాలంలో, వీళ్ల కుటుంబాల ఆడవాళ్లే ఆడవేషాలు కట్టారు. 1932లో వచ్చిన మన మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి వేసింది సురభి కమలాబాయిగారే. 2013లో సురభి నాగేశ్వరరావుగారికి, అదే మన బాబ్జీగారికి, పద్మశ్రీ వచ్చింది. తాత తెర లాగితే మనవడు వేషం కట్టే సంసారాలు అవి.

సరే, మా కమిటీ కూచుంది. ఎక్కడ ఆడించాలి? పెన్న దగ్గర ఖాళీ స్థలముంది. విశాలమైన చోటు, పైన ఆకాశమే కప్పు. అందరం బాగుందన్నాం. అంతలో ఒకాయన, "వానొస్తే ఎట్లా?" అన్నాడు.

చూడండి, ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. అదైనా పడితే. అప్పుడు ఆగస్టు నెల. వేరుశనగ వేసి, ఊడలు దిగే వేళకు తడి లేక, ఊరంతా మబ్బుకేసి చూస్తున్నది. అటువంటప్పుడు "వాన రాదులే" అని అనేందుకు ఎవరికి నోరొస్తుంది? ఒక్కరికీ రాలేదు. నాకూ రాలేదు. ఆ విధంగా పెళ్లిళ్లు చేసే ఒక హాలు ఖాయమైంది. ఫ్యాన్లున్నాయి, కుర్చీలున్నాయి అని మొదట చెయ్యెత్తినవాణ్ణి నేనే.

సమాజంవారు లారీలో సామానుతో దిగారు. పెద్దాయన ఒకాయన లోపలికి వచ్చి, వేదిక వంక చూడలేదు. తల ఎత్తి కప్పు వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత ఏమీ అనకుండా లారీ దగ్గరికి పోయాడు. సగం పెట్టెలు దించనే లేదు.

ఆట మొదలైంది. తెరలు వేదిక కన్న పొడుగు. అంచేత కింద మడతపెట్టి కట్టారు. కంసుడి కోట స్తంభాలకు పాదాలు లేవు. గోడలకు తగిలి మైకు ప్రతి మాటా రెండుసార్లు చెప్పింది. దేవకి ఒకసారి ఏడిస్తే రెండుసార్లు వినబడింది. వేదిక మీద నీళ్లు పోయరాదని హాలువారి నిబంధన. కనుక వాన లేదు. ఇక యోగమాయ? కంసుడి చేతినుంచి జారి, చక్కగా నడుచుకుంటూ పక్క తెరలోకి వెళ్లిపోయింది.

నా పక్కన మనవరాలు నా మోచెయ్యి గిల్లింది. "తాతా, అమ్మవారు ఆకాశానికి పోతుందంటివే?"

నేనేం చెప్పను? వారం రోజులుగా ఆ పిల్లకు కథలు చెప్పి ఊరించింది నేను.

ఒక్క సంగతి మాత్రం చెప్పి తీరాలి. వసుదేవుడు వేసినాయన ఆ పొడి వేదిక మీదనే వంగి, భుజంతో బుట్టకు చాటు చేస్తూ, కళ్లలోకి కారే నీటిని చేత్తో తుడుచుకుంటూ, జారే బురదలో అడుగు తీసి అడుగు వేస్తూ నడిచాడు. ముందు వరసలో ఒక ముసలి రైతు, తనకు తెలియకుండానే కాబోలు, భుజం మీది తువాలు తీసి తలమీద కప్పుకున్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆట అయ్యాక లోపలికి వెళ్లాను. పెద్దాయన తాళ్లు చుట్టుకుంటున్నాడు. హాలు ఇట్లా అయిందని నొచ్చుకున్నాను.

"ఇక్కడ తాడు కడితే యోగమాయ తిన్నగా ఫ్యాను రెక్కల్లోకి పోతుందండీ," అని నవ్వాడు. కొంచెం ఆగి, "అది కాదు నా బాధ. చూసినవాళ్లు హాలు పొట్టిదని అనుకోరు బాబూ. సురభివాళ్లు తగ్గిపోయారనుకుంటారు," అన్నాడు.

ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే వుంది. వసుదేవుడు గొప్పగా నటించాడు గదా అని సరిపెట్టుకుందామంటే మనసొప్పదు. నూరేళ్లకు పైబడిన విద్యను లారీ దించనివ్వకుండా వెనక్కి పంపాం. పిలిచినప్పుడు కప్పు ఎంత ఎత్తుండాలని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కుర్చీలెన్ని అని మాత్రమే అడిగాం.

మొన్న కమిటీ మళ్లీ కూచుంది. ఈసారి పెన్న దగ్గరి ఖాళీ స్థలమే అన్నాను. వెనకటి ఆయనే మళ్లీ నోరు తెరిచాడు: "వానొస్తే?"

"వస్తే రానీ అప్పా," అన్నాను. "అందరం లేచి నిలబడి ఈలలేద్దాం."