యాప్ మారితే కూలీ పోవాలా?

ఉపాధి పనిలో కాగితపు మస్టరు పోయి సెల్‌ఫోన్ వచ్చింది. 2021 మేలో కేంద్రం ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్‌ను తెచ్చింది. 2022 మే నుంచి 20 మంది, అంతకు మించి పనిచేసే చోట్ల, 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధి పనులు తప్ప అన్ని చోట్లా దాన్ని తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి పంపాలి. ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు. హాజరు లేకపోతే కూలీ లేదు.

పరిటాల, నందిగామ, జగ్గయ్యపేట మెట్ట గ్రామాల్లో పత్తి, మిరప పనులు అయిపోయాక, ఎండాకాలంలో ఉపాధి పనే దిక్కు. తెల్లారకముందే పలుగూ పారా పట్టుకుపోయి, ఎండ ముదిరేలోగా కొలత మట్టి తీసి ఇల్లు చేరడం మనవాళ్ళ పద్ధతి. కూలీ ఎటూ కొలతను బట్టే కట్టిస్తారు. అలాంటప్పుడు మొదటి ఫోటోకూ రెండో ఫోటోకూ నాలుగు గంటల ఎడం ఎందుకు? పని అయిపోయినా ఫోటో కోసం గట్టు మీద ఎండలో కూచోవాలా? ఈ నిబంధన రాసినవారు ఏ కూలీనైనా అడిగారా?

దొంగ మస్టర్లను అరికట్టడానికే అని ప్రభుత్వం చెప్పింది. దొంగ మస్టర్లు ఉన్నమాట నిజమే, మేము కాదనం. కానీ ఊరందరి ముందు లెక్కలు చదివే సామాజిక తనిఖీని 2006 నుంచే మన రాష్ట్రం నడిపింది. యాప్ వచ్చాక ఏమైంది? పనికి సంబంధం లేని ఫోటోలు, ఫోటోకు తీసిన ఫోటోలు ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్‌లో రాసింది. దొంగకు దారి దొరికింది. సిగ్నల్ అందని చోట చెమటోడ్చినవాడికే కూలీ పోయింది.

ఇలాంటి మార్పు వచ్చినప్పుడు మనలో కొందరు ఫీల్డ్ అసిస్టెంటును, మేటును తిట్టి ఊరుకుంటారు. వాళ్ళూ మనలాంటి చిరుద్యోగులే, యాప్ వాళ్ళు చేసింది కాదు. కొందరు విసిగి పని మానేస్తారు. ప్రభుత్వానికి కావలసింది అదే, ఖర్చు తగ్గుతుంది.

సంఘటితంగా నిలిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2023లో నరేగా సంఘర్ష్ మోర్చా పిలుపుపై కూలీలు ఢిల్లీ జంతర్‌మంతర్ వద్ద ధర్నాకు కూచున్నారు. ఆధార్ ద్వారానే కూలీ చెల్లింపు అన్న గడువును ఆ ఏడాది కేంద్రం పదేపదే పొడిగించక తప్పలేదు. చివరికి 2024 జనవరి 1 నుంచి రుద్దింది. ఆందోళన సడలితే ఏమవుతుందో అందులోనే ఉంది.

ఇప్పుడు జాగ్రత్త మరింత అవసరం. 2005 చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 125 రోజుల పని అంటూనే, పొలం పనుల రోజుల్లో 60 రోజుల వరకు ఉపాధి పని ఆపవచ్చంది. వేలిముద్ర, ఫోన్ నిఘా నిన్నటిదాకా సర్క్యులర్‌లో ఉన్నవి, ఇప్పుడు చట్టంలోకే ఎక్కాయి.

మేము ఫోనుకు వ్యతిరేకం కాదు. ఫోను తప్పుకు కూలీ నష్టపోవడానికి వ్యతిరేకం. యాప్ పనిచేయని రోజు కాగితపు మస్టరే చెల్లాలి. ఏ మార్పయినా ముందు గ్రామసభలో తెలుగులో చెప్పాలి. హాజరు కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫోటో పడని రోజును గ్రూపువారీగా ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసి, అందరూ వేలిముద్రలు, సంతకాలు పెట్టండి. ఆ పుస్తకంతోనే మండల ఆఫీసుకు కలిసి పోదాం. ఒక్కడు అడిగితే అర్జీ, ఊరు అడిగితే హక్కు.