విహారానికి స్వదేశమా, విదేశమా?

వేసవి సెలవులలో పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్లాలన్నది ఒకప్పుడు తల్లిదండ్రులు రాత్రి భోజనాల వేళ తేల్చుకునే విషయం. రాజధానిలో ఇప్పుడు అది రాజ్య వ్యవహారమై కూర్చున్నది. సింగపూరులోని యూనివర్సల్ స్టూడియోస్‌కు వెళ్లాలా, హైదరాబాదు శివార్లలోని వండర్‌లాకు వెళ్లాలా అన్న ప్రశ్నలో ఆర్థిక మంత్రిత్వ శాఖకు, రిజర్వు బ్యాంకుకు, పర్యాటక శాఖకు, చివరకు సుప్రీంకోర్టుకు కూడా పాత్ర ఏర్పడినది. ఇందరు పెద్దలు తలదూర్చిన తరువాత కూడా సరైన సమాధానం దొరకలేదంటే, ప్రశ్న వేసిన తీరులోనే ఏదో లోపం ఉన్నదని అనుమానించవలసి వస్తున్నది.

2019 ఆగస్టు 15న ప్రధాని నరేంద్ర మోదీ ఎర్రకోట బురుజుల మీది నుంచి చేసిన విజ్ఞప్తిని పాఠకులు మరచిపోయి ఉండరు. 2022 నాటికి ప్రతివారూ దేశంలోని పదిహేను పర్యాటక స్థలాలనైనా చూడాలని ఆయన కోరారు. కొద్ది నెలలకే కోవిడ్ వచ్చిపడి, పదిహేను స్థలాల మాట అటుంచి పక్క వీధికి పోవడానికే పోలీసుల అనుమతి కావలసి వచ్చింది. అది ఎవరి తప్పూ కాదు. కాని ఆ విజ్ఞప్తి వెనుక ఉన్న ఆలోచన మాత్రం తరువాతి కాలంలో పన్నుల రూపంలో బయటపడుతూ వచ్చింది.

విదేశీ యాత్రల ప్యాకేజీల మీద టీసీఎస్, అంటే అమ్మేవాడే కొనేవాడి నుంచి ముందుగా వసూలు చేసి ఖజానాకు కట్టే పన్ను, 2020 అక్టోబరు 1 నుంచి 5 శాతం చొప్పున మొదలైనది. 2023 బడ్జెట్‌లో దానిని మొదటి రూపాయి నుంచే 20 శాతం చేయాలని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రతిపాదించారు. గగ్గోలు పుట్టిన మీదట ఏడు లక్షలు దాటిన మొత్తానికే ఆ హెచ్చు రేటు వర్తించేలా సవరించి, 2023 అక్టోబరు 1 నుంచి అమలుపరచారు. 2025 బడ్జెట్‌లో ఆ ఏడు లక్షలను పది లక్షలకు పెంచారు. నిజానికి ఇది అదనపు పన్ను కాదు. ఆదాయపు పన్ను లెక్కలు దాఖలు చేసేవాడు దానిని సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా వాపసు పుచ్చుకోవచ్చు. అందువల్ల కలవారికి అది కొంతకాలం ప్రభుత్వం వద్ద డబ్బు ఇరుక్కుపోవడమే గాని భారం కాదు. ఇబ్బంది పడేది ఎవరంటే, జీవితంలో ఒక్కసారి అప్పో సప్పో చేసి పిల్లలకు సముద్రం అవతలి వింత చూపించాలనుకున్న చిన్న ఉద్యోగి.

విదేశ మారక ద్రవ్యం మాట కొట్టిపారవేయదగినది కాదు. సరళీకృత చెల్లింపుల పథకం కింద భారతీయులు 2023–24లో ప్రయాణాల కోసం బయటికి పంపినది సుమారు 1,700 కోట్ల డాలర్లు. ఆ పథకం కింద దేశం దాటిన మొత్తంలో ఇది సగానికి మించినది. ఇందులో తీర్థయాత్రలూ ఉన్నవి, వ్యాపార ప్రయాణాలూ ఉన్నవి. అంతా మిక్కీ మౌస్ పాలయిందని అనుకోరాదు. అయితే ఈ తలుపు తెరచినది ఎవరు? 1973 నాటి ఫెరా చట్టం కాలంలో గుప్పెడు డాలర్ల కోసం రిజర్వు బ్యాంకు చుట్టూ తిరిగిన తరం ఇంకా మన మధ్యనే ఉన్నది. 2004లో మనిషికి ఏటా 25 వేల డాలర్లతో ఈ పథకాన్ని మొదలుపెట్టి, 2015 నాటికి దానిని రెండున్నర లక్షల డాలర్లకు పెంచినవి మన ప్రభుత్వాలే. తలుపు బార్లా తెరచి, గడప దాటేవాడికి దేశభక్తి బోధించడం ఢిల్లీకే చెల్లిన విద్య.

2023 చివర థాయిలాండ్, మలేషియా మన వారికి వీసా లేని ప్రవేశాన్ని ప్రకటించాయి. 2025 మే నెలలో అబూ ధాబీలో తన తదుపరి పార్కును నెలకొల్పనున్నట్లు డిస్నీ సంస్థ తెలియజేసింది. వారి దృష్టి ఎవరి మీద ఉన్నదో ఊహించడం కష్టం కాదు. ముంబయి నుంచి మూడు గంటల ప్రయాణ దూరంలో డిస్నీ వెలసిన నాడు, స్వదేశీ ఉపన్యాసాలు ఎంతమందిని ఆపగలవు?

ఇక సుప్రీంకోర్టు సంగతి. ప్రభుత్వోద్యోగులకు, ప్రభుత్వ రంగ ఉద్యోగులకు ఎల్‌టీసీ, అంటే సెలవులలో కుటుంబంతో ప్రయాణించడానికి యజమాని ఇచ్చే ఖర్చు, చిరకాలంగా అమలులో ఉన్నది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 10(5) సెక్షన్ దానికి పన్ను మినహాయింపు కల్పించింది. స్టేట్ బ్యాంకు ఉద్యోగులు కొందరు ఇందులో ఒక సందు కనిపెట్టారు. ఢిల్లీ నుంచి మధురై వెళ్లడానికి బయలుదేరి, కొలంబో, కౌలాలంపూర్, సింగపూరు చుట్టి తిరిగి ఢిల్లీ చేరుకున్నారు. మధురై స్వదేశమే కదా, అక్కడికి పోవడానికి తగినంత సొమ్మే పుచ్చుకున్నాం కదా అన్నది వాదన. ఈ యాత్ర సడలింపు ఉద్దేశమే భారతదేశాన్ని చూడడమని, విదేశం తొక్కిన యాత్రకు మినహాయింపు వర్తించదని 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు సబబే. మీనాక్షి అమ్మవారి దర్శనానికి సింగపూరు మీదుగా పోవడం భక్తి మార్గాలలో కొత్తది.

సుప్రీంకోర్టు పేరెత్తాక ఢిల్లీవాసులకు అప్పూఘర్ గుర్తుకు రాకమానదు. 1982 ఆసియా క్రీడల ఏనుగు పిల్ల పేరిట, ప్రగతి మైదాన్‌లో 1984 నవంబరు 19న రాజీవ్ గాంధీ ప్రారంభించిన పార్కు అది. రంగులరాట్నాల శాస్త్రీయ అవతారాన్ని దేశంలో తొలిసారి చూపినది అదేనని చెప్పుకునేవారు. ఆంధ్ర నుంచి వచ్చిన బంధువులను కుతుబ్ మీనార్, రాజ్‌ఘాట్ చూపించాక పిల్లల బలవంతం మీద అక్కడికి తీసుకుపోవడం ఇక్కడి తెలుగు కుటుంబాలకు రివాజు. 2008 ఫిబ్రవరిలో దానిని మూసివేశారు. ఆ స్థలంలో సుప్రీంకోర్టు అదనపు భవన సముదాయం లేచి 2019లో ప్రారంభమైనది. న్యాయానికి చోటు కావలసిందే, కాదనము. కాని నగరం నడిబొడ్డున, బస్సు దిగి నడిచిపోగల చోట ఉన్న పిల్లల పార్కుకు బదులు మరొకటి చూపించవలసిన బాధ్యత ఏ శాఖకూ గుర్తుకు రాలేదు.

మిగిలినవన్నీ ప్రైవేటు పార్కులు. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2013లో ముంబయి–పుణె మార్గంలో ఇమాజికా, 2016లో హైదరాబాదు వండర్‌లా వచ్చాయి. నిర్వహణలో చెప్పుకోదగినవే. కాని అన్నీ ఊరికి దూరంగా, కారు ఉన్నవాడికి దగ్గరగా ఉన్నవి. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు వీటి ప్రవేశ రుసుము మీద 28 శాతం పన్ను వేశారు. 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు. జంతు ప్రదర్శనశాల టికెట్టుకు మాత్రం పన్ను లేదు. పులిని చూడడం విద్య, రంగులరాట్నం ఎక్కడం విలాసం అని ఖజానా వారి సిద్ధాంతం కాబోలు.

భద్రత మాట ఇంకొకటి. వినోద కార్యకలాపాలు రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాకు, 33వ పద్దుకు చెందినవి. అందుచేత రాష్ట్రానికొక తీరు, పురపాలక సంఘానికొక తీరు. 2024 మే 25న రాజకోటలోని గేమ్ జోన్ అగ్నికి ఆహుతై పిల్లలతో సహా 27 మంది మరణించినప్పుడు, దానికి అగ్నిమాపక శాఖ అనుమతి లేదన్న సంగతి బయటపడినది. స్వదేశీ పార్కుకే వెళ్లండని చెప్పే ప్రభుత్వం ముందుగా ఆ పార్కు నుంచి పిల్లలు క్షేమంగా ఇంటికి వస్తారన్న భరోసా ఇవ్వాలి.

ఇంతవరకు చెప్పినదంతా ఎంచుకోగలవారి గొడవ. దేశ జనాభాలో పాస్‌పోర్టు ఉన్నవారు పదింట ఒక వంతు కూడా లేరు. తక్కినవారి విహారం ఏమిటి? ఈ ప్రశ్నకు ఒకప్పుడు ఈ దేశం ఇచ్చిన జవాబు ఎలా ఉండేదో చూడాలంటే భిలాయ్‌కు వెళ్లాలి.

కాలం కొన్నిసార్లు విచిత్రమైన జతలను కూర్చుతుంది. 1955 ఫిబ్రవరి 2న భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. అదే ఏడాది జూలై 17న కాలిఫోర్నియాలో మొదటి డిస్నీలాండ్ తలుపులు తెరుచుకున్నాయి. వినోదాన్ని టికెట్టు పెట్టి అమ్మే పద్ధతికి అది తలమానికమైనది. రెండవ పద్ధతి మాస్కోది. 1928లో అక్కడ వెలసిన గోర్కీ పార్కుకు పెట్టిన పేరే సంస్కృతి, విశ్రాంతి ఉద్యానం. పనిచేసే మనిషికి విశ్రాంతి కూడా కర్మాగారం లెక్కలో భాగమే అన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. 1959 ఫిబ్రవరి 4న భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. 1972లో భారత–సోవియట్ స్నేహానికి చిహ్నంగా ఉక్కు కర్మాగారమే అక్కడ మైత్రీ బాగ్‌ను నెలకొల్పింది. జంతుశాల, తెల్లపులులు, సరస్సులో పడవలు, పిల్లల రైలు, సంగీతానికి ఎగిసే జలధారలు అన్నీ అక్కడ ఉన్నవి. సోవియట్ యూనియన్ 1991లో అదృశ్యమైనది గాని మైత్రీ బాగ్ మిగిలింది.

ఆ కర్మాగారం కట్టడానికి కదలివచ్చినవారిలో మనవారు తక్కువ కాదు. విజయనగరం–రాయపూర్ రైలు మార్గం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల పేదరికాన్ని భిలాయ్ కొలిమి దగ్గరికి చేర్చింది. నిర్మాణ కాలపు బసల పేరే ఈనాటికీ క్యాంప్ 1, క్యాంప్ 2 అని నిలిచిపోయింది. సెక్టార్లలోని క్వార్టర్లు వేరు, క్యాంపుల బస్తీలు వేరు. క్యాంప్ 1 సందులలో నడుస్తుంటే హిందీ, ఛత్తీస్‌గఢీల నడుమ ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. అక్కడ ఈ విలేఖరితో మాట కలిపిన ఒక విశ్రాంత కార్మికుడు, పాలకొండ దగ్గరి వాడు, తన ఇంటి రాజకీయాన్ని ఇలా వివరించాడు:

"పెద్దోడి కొడుకు హైదరాబాద్‌ల సదువుతన్నాడు బాబూ. సింగపూరు ఎల్దాం అంతన్నాడు. ఎల్లనీండి, ఆళ్లకుంది. మాకప్పుడు మైత్రీ బాగే సింగపూరు. ఆదోరం పిల్లల్ని ఎంటేసుకుని ఎల్లీవోలం. రొండోవోడు కాంట్రాక్టరు కింద సేస్తన్నాడు. ఆడికి సింగపూరూ నేదు, ఆదోరమూ నేదు. ఒక్క రోజు మానీస్తే ఆ రోజు కూలి పోయినట్టే కదా."

పార్లమెంటు చర్చలలో దొరకని సారాంశం ఈ నాలుగు మాటలలో ఉన్నది. ఒకే ఇంట్లో ఒక కొడుకు విదేశమా స్వదేశమా అని తర్కించుకుంటున్నాడు. రెండవ కొడుక్కు ఊరి చివరి పార్కుకు పోవడానికే రోజు లేదు. ఎల్‌టీసీ మీద సర్వోన్నత న్యాయస్థానం దాకా పోయిన వివాదం స్థిర ఉద్యోగులకు సంబంధించినది. కాంట్రాక్టు కార్మికుడికి ఆ మూడక్షరాలతో పరిచయమే లేదు.

చట్టం అసలే లేదా అంటే ఉన్నది. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి ఇరవై రోజులకు ఒక రోజు చొప్పున వేతనంతో సెలవు రావలసి ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడ్ ఆ 240ని 180కి తగ్గించింది. మంచిదే. కాని కాంట్రాక్టు ఒకరి నుంచి ఇంకొకరికి మారినప్పుడల్లా కార్మికుడు కొత్తవాడవుతాడు. అతడి రోజుల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. యంత్రం అదే, గేటు అదే, మనిషీ అతడే. మారినది రిజిస్టరు మీది పేరు మాత్రమే. మన రాజ్యాంగం 43వ అధికరణం కార్మికులందరికీ బ్రతకదగిన వేతనంతోపాటు విశ్రాంతిని సంపూర్ణంగా అనుభవించే పరిస్థితులు కల్పించడానికి రాజ్యం కృషి చేయాలని ఆదేశిస్తున్నది. ఆదేశిక సూత్రాలలో గోవధ నిషేధానికి, ఉమ్మడి పౌరస్మృతికి దక్కిన వాదోపవాదాలలో వందో వంతు కూడా ఈ విశ్రాంతి మాటకు దక్కలేదు.

సింగపూరు వెళ్లగలిగినవారు నిస్సంకోచంగా వెళ్లిరావచ్చునని ఈ విలేఖరి అభిప్రాయం. పిల్లలు లోకాన్ని చూడడం నేరం కాదు, వారి తల్లిదండ్రులను అనుమానించడం ప్రభుత్వానికి మర్యాద కాదు. అప్పుచేసి వెళ్లదలచినవారు మాత్రం హైదరాబాదు పార్కు రంగులరాట్నం కూడా అంత ఎత్తుకే లేస్తుందని గుర్తుంచుకుంటే చాలు. ప్రభుత్వం చేయవలసిన పని వేరే ఉన్నది. ప్రభుత్వ రంగ సంస్థలు బడులను, ఆసుపత్రులను, ఉద్యానాలను తమ లెక్కలలో దండుగ ఖర్చుగా చూడడం మొదలై ముప్పై ఏళ్లు దాటింది. మైత్రీ బాగ్ వంటివి ఈ చూపుకు బలి కాకుండా నిలవాలి. ఒకసారి పోతే అప్పూఘర్ లాగా తిరిగి రావు.

2024 సెప్టెంబరు 16న దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ రైలు మొదలైనప్పుడు జెండా ఊపడానికి ప్రజాప్రతినిధులకు కొదవ లేకపోయింది. దుర్గ్ సభ్యుడు, ఆ పట్టాల రెండవ కొసన ఉన్న ఉత్తరాంధ్ర సభ్యులు కలిసి ఉక్కు మంత్రిని లోక్‌సభలో రెండు ప్రశ్నలు అడగవచ్చు. గడచిన ఏడాది భిలాయ్ కర్మాగారంలో వేతనంతో సెలవు నిజంగా పొందిన కాంట్రాక్టు కార్మికులు ఎందరు? మైత్రీ బాగ్ మీద సంస్థ ఖర్చుపెట్టినది ఎంత? నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్నగా వేస్తే మంత్రి సభలో లేచి నోటితోనే జవాబు చెప్పవలసి ఉంటుంది, అనుబంధ ప్రశ్నలకూ ఆస్కారం దొరుకుతుంది.