తెప్పకు కొనేవాడు లేడట

"పనికొచ్చేదైతే మార్కెట్టు ఎప్పుడో కొనేసి ఉండేది కదా!" అన్నాడు మొన్న ఒక మిత్రుడు. మాట కాంటికి గురించి. బావిలోనో, నీళ్ళ ట్యాంకులోనో కూర్చునే బుల్లి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి తయారైన ఉచిత సాఫ్టువేరు అది. ఇరవై ఏళ్ళు దాటినా పరిశోధనశాలల గడప పెద్దగా దాటలేదు కనుక విఫలమైనట్లేనని అతని తీర్పు. ఈ తీర్పుతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఉద్దానంలో మొదలైంది కనుక అక్కడి నుండే చెబుతాను.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకు 140-150 కిలోమీటర్లు. కొబ్బరి, జీడితోటలు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి. వజ్రపుకొత్తూరు మండలంలో ఉన్న మా మేనమామ క్షేమసమాచారం నాకు చేరడానికి నాలుగు రోజులు పట్టింది. అదీ టెక్కలి నుండి బంధువొకరు కొంతదూరం బండి మీద, కొంతదూరం పడిన చెట్లు దాటుకుంటూ కాలినడకన వెళ్ళి చూసొస్తేనే.

సెల్‌ఫోనులో ప్రతి మాటా టవరు దగ్గరికే పోవాలి. టవరు పోతే పక్కపక్క ఇళ్ళ ఫోన్లు కూడా ఒకదానికొకటి పరాయివే. కాంటికి పద్ధతి వేరు. ప్రతి పెట్టె తన మాట చెబుతూ పొరుగు పెట్టె మాటను కూడా ముందుకు అందిస్తుంది. పదింటిలో మూడు పోతే మిగిలినవి వేరే దారి వెతుక్కుంటాయి. ఆ దారి వెతికే పద్ధతికి ఆర్‌పిఎల్ పేరిట 2012లోనే ప్రమాణం ఏర్పడింది. ఇది ఉంటే తిత్లీని గట్టెక్కేవాళ్ళమని నేననను. చెట్టుకు కట్టిన పెట్టె చెట్టుతోపాటే పోతుంది, చివర ఎక్కడో ఒకచోట బయటికి దారీ ఉండాలి. కానీ ప్రయత్నించి చూడవలసిన వస్తువా కాదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని అమ్మి లాభం పొందవచ్చునా అన్నది వేరొక ప్రశ్న. నా మిత్రుడు ఈ రెంటినీ ఒకటి చేశాడు.

చిత్రమేమిటంటే, కాంటికిని రాసిన స్వీడను దేశస్థుడు ఆడం డంకెల్స్ అంతకుముందే ఎల్‌డబ్ల్యుఐపి అనే మరొక సాఫ్టువేరు కూడా రాశాడు. అది లోకమంతా పాకింది. 2014లో వచ్చిన చౌక వైఫై చిప్పు ఈఎస్‌పి8266లోనూ అదే ఉంది. ఒకే చేతి నుండి వచ్చిన రెంటికి రెండు రాతలెందుకు? ఎల్‌డబ్ల్యుఐపి వస్తువును ఇంటి రౌటరుకు కలుపుతుంది, అక్కడి నుండి అది తిన్నగా అమ్మినవాడి సర్వరుకు పోతుంది. కాంటికి వస్తువును పొరుగు వస్తువుకు కలుపుతుంది. పొరుగింటికి చేసిన సాయానికి బిల్లు వేసేదెవరు? విదేశాల్లో కరెంటు మీటర్లు ఇటువంటి మెష్ మీద నడుస్తున్నాయి కదా అంటారేమో. నడుస్తున్నాయి. అక్కడ బిల్లు పంపే సంస్థ ఒకటి ఉంది మరి!

తిత్లీ తర్వాతి ఏడాది మామయ్యగారి ఊరిలో ఐదు బావుల దగ్గర ఐదు పెట్టెలు పెట్టాను. నీటిమట్టం, ఉప్పదనం కొలవడం వాటి పని. ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని చోట, బావి నీరు ఏ నెలలో ఎలా మారుతోందో తెలిసి ఉండటం వృథా కాదనుకున్నాను. 865-867 మెగాహెర్ట్జ్ తరంగాలకు మన దేశంలో 2005 నుండి లైసెన్సు అక్కరలేదు. కొబ్బరాకుల మధ్య వైఫై కంటే అవే మేలు. అంతకుముందు ఒక కంపెనీని అడిగితే బావికొక సిమ్ము, నెలనెలా రుసుము అన్నారు. పెట్టెలన్నిటికీ కలిపి ఒక్క సిమ్ము చాలదా అంటే, "అందులో మాకేం మిగుల్తుందండీ?" అని నిజాయితీగా చెప్పారు. ఆ నిజాయితీకి నమస్కారం.

అయితే నా పక్షంలోనూ లోపముంది, దాచను. రెండో వానాకాలానికి ఉప్పుగాలి కనెక్టర్లను తినేసింది. మామయ్య పెట్టెలోకి తొంగిచూసి, "ఇది పాడైపోతే బాగుసెయ్యడానికి ఎవుడొస్తాడ్రా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మిత్రుడి వాదన కంటే ఈ ప్రశ్నకే నేను ఎక్కువ భయపడతాను. ఉచిత సాఫ్టువేరు రాసినవాళ్ళు ఎక్కడో ఉంటారు, తుప్పు మాత్రం వజ్రపుకొత్తూరులోనే పడుతుంది.

కానీ దానికి మందు మార్కెట్టేనా? హిరమండలం జలాశయం నుండి ఉద్దానానికి మంచినీళ్ళు తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. సుమారు 700 కోట్ల రూపాయల ఖర్చు. ఆ గొట్టాలకు కొనేవాడెవడని ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. మరి ఆ నీళ్ళను, పాత బావులను ఏళ్ళ తరబడి కొలిచే పెట్టెలకు మాత్రం ఈ పరీక్ష ఎందుకు? టెక్కలిలో ఇంజనీరింగు విద్యార్థులున్నారు. ఇద్దరికి నెలకింత జీతమిచ్చి పది ఊళ్ళ పెట్టెలు అప్పగిస్తే మామయ్య ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. కంప్యూటరులో తెలుగు రాసుకోవడానికి మనం ఎవరి లాభనష్టాల లెక్క తేలేదాకా ఆగాం?

కాంటికి అన్నది 1947లో పసిఫిక్ మహాసముద్రం మీద సాగిన ఒక తెప్ప పేరు. ఉద్దానం తీరంలో తెప్ప అంటే ఏమిటో ఎవరికీ వివరించనక్కర్లేదు.

నా ఐదు పెట్టెల్లో రెండు ఇంకా పలుకుతున్నాయి. సంక్రాంతికి వెళ్ళినప్పుడు మిగిలిన మూడింటికీ కొత్త కనెక్టర్లు వేసి, ఈసారి వాటి మీద ఎపాక్సీ పోసి వస్తాను.